రాజు అంగీ అంచున మట్టి

చేతికి ఏ బట్ట అందినా లచ్చన్న దాన్ని తిరగేస్తాడు. చొక్కా కావచ్చు, హోటల్లో చేతులు తుడుచుకునే గుడ్డ కావచ్చు, బస్సు కిటికీకి వేలాడే తెర కావచ్చు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య అంచు పట్టుకుంటాడు. ఒకసారి నలుపుతాడు. తిప్పి వెనకవైపు చూస్తాడు. తల ఆడిస్తాడు. బాగుంటే నిలువుగా, బాగాలేకపోతే అడ్డంగా. తరవాత ఎక్కడిది అక్కడ పెట్టేస్తాడు.

షార్జాలో రోలా బజారు బట్టల దుకాణాలవాళ్ళు అతన్ని ఎరుగుదురు. కొనడనీ ఎరుగుదురు. అయినా కొత్త సరుకు దిగితే, "చాచా, జర దేఖో," అని పిలుస్తారు. అతని తల అడ్డంగా ఆడిందా, ఆ తాను ధర ఆ పూటకి కాస్త దిగుతుంది.

ఊరు సిరిసిల్ల. తండ్రి గుంట మగ్గం మీద నేసేవాడు. నేసిన చీర కొనడానికి వచ్చినవాడు దాన్ని తిరగేసి చూడకుండా మడిచి సంచిలో పెట్టుకుంటే ఆ రోజు తండ్రి అన్నం సరిగ్గా తినేవాడు కాదు. "ముఖం అందరు సూత్తరు బిడ్డా," అనేవాడు. "వీపు సూసినోడే నేసినోన్ని సూసినట్టు." కాబట్టి బట్టను తిరగేయడం లచ్చన్న దృష్టిలో అనుమానం కాదు. ఎదురైన మనిషిని బాగున్నావా అని అడగడం లాంటిది. అడగకపోతే తప్పు.

గుంట మగ్గాలు పోయాయి. సాంచలు వచ్చాయి. ఆ మరమగ్గాల చప్పుడులో మనిషి మాట మనిషికి వినపడేది కాదు. పాలిస్టర్ బట్ట గజాలకొద్దీ దిగేది. దానికి ముఖమూ వీపూ ఒకటే. తిరగేయడానికి ఏమీ లేదు. కొన్నేళ్ళకి ఆ పనీ పలచబడింది. 2008లో లచ్చన్న దుబాయ్ విమానం ఎక్కాడు.

పన్నెండేళ్ళు షటరింగ్ పని. కాంక్రీటు పోతకి చెక్కలు బిగించడం, చెక్కలు విప్పడం. పన్నెండేళ్ళు పనిలో అతని చేతికి నూలు తగల్లేదు. సిమెంటు సంచులే తగిలాయి. వాటినీ తిరగేసి చూసేవాడు. తోటివాళ్ళు నవ్వేవాళ్ళు. "ఏమన్న కనవడ్డదా మామా?" అని అడిగేవాడు దయాకర్. జగిత్యాల పక్క పిల్లగాడు, అజ్మాన్ గదిలో పై మంచం వాడిది. "రెండు పోగులు తెగినయి," అనేవాడు లచ్చన్న. నిజంగానే తెగి ఉండేవి.

2020లో లోకం తలుపులు మూసుకుంది. ఆ గదిలో ఎనిమిదిమంది. బయట మాస్కులు దొరకడం లేదు. లచ్చన్న పెట్టెలోంచి రెండు కొత్త లుంగీలు తీశాడు. కత్తిరించి చేత్తో కుట్టి, అంతస్తులో ప్రతి గదికీ పంచాడు. ఏ వైపు లోపలికి, ఏ వైపు బయటికి అని ఒక్కొక్కరికీ చూపించాడు. తప్పుగా కట్టుకున్నవాణ్ణి మెట్లమీద ఆపి విప్పించి మళ్ళీ కట్టించాడు. కంపెనీ ఫోర్‌మన్ మురళీకి కూడా ఒకటి అందింది. మురళీది కాకినాడ. కుట్టు చూశాడు. గుర్తుపెట్టుకున్నాడు.

మరుసటి ఏడు కంపెనీకి కొత్త కాంట్రాక్టు వచ్చింది. ప్రదర్శనశాలల్లో పాత వస్తువులు విప్పడం, మోయడం, గోడలకి తగిలించడం. జాగ్రత్త గల చేతులు కావాలన్నారు. మురళీ లచ్చన్న పేరు రాశాడు. మొదటిరోజే వరసగా నిలబెట్టి చెప్పాడు.

"చూడండి, ఇక్కడ ప్రతిదీ మీకన్నా మీ తాతలకన్నా పెద్దది. చెప్పకుండా చెయ్యి వేశారో, ఖలాస్. మళ్ళీ షటరింగే. ఎండలోకే."

లచ్చన్న రెండేళ్ళు చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. తివాచీలు వచ్చాయి, శాలువాలు వచ్చాయి, పూర్వం ఎవరో సుల్తాను తొడిగిన అంగీ వచ్చింది. మొయ్యమన్నప్పుడు మోశాడు. తిరగేయలేదు. ఆ రెండేళ్ళూ రోలాలో అతను తిరగేసిన తానులకి లెక్కలేదు.

2023 ఆగస్టు చివర్లో ఆ పరదా వచ్చింది.

దాని పేరు టేపెస్ట్రీ. పనివాళ్ళందరికీ పరదాయే. బెల్జియంలో ఒక చిన్న పట్నం నుంచి వచ్చింది. వయసు అయిదువందల ఏళ్ళ పైమాట. పొడవాటి గొట్టానికి చుట్టి, పెట్టెలో పెట్టి పంపారు. దానికి తోడు ఒకావిడ వచ్చింది. అరవై ఏళ్ళుంటాయి. కళ్ళజోడు దారంతో మెడలో వేలాడేది. ఆవిణ్ణి అందరూ మదామ్ అన్నారు. ఆరుగురు మోశారు, ఇద్దరు నిచ్చెనలెక్కారు. ఇద్దరు మనుషుల ఎత్తు, గది గోడంత వెడల్పు. మెల్లగా దించుతూ విప్పుతుంటే ముందు ఆకాశం వచ్చింది, తరవాత ఈటెలు, గుర్రం తల, రాజు ముఖం. చివర గడ్డీ, గడ్డిలో చిన్న చిన్న పూలూ, ఒక కుందేలూ.

అంతా అద్దకం బొమ్మ అనుకున్నారు మిగిలినవాళ్ళు. లచ్చన్న ఒక్క చూపుకే పోల్చాడు. ప్రతి పూవూ నేసిందే. పడుగు అడ్డంగా పోతోంది, పేక నిలువుగా దిగుతోంది.

"ఓ చెల్లె," అని పిలిచాడు. "రాజును పండవెట్టి నేసిండ్రు. గుర్రాన్ని గూడ పండవెట్టిండ్రు. నేసినన్ని రోజులు అందరు పక్కకు ఒరిగే ఉన్నరు."

మంగాదేవి నేల తుడుస్తూ తలెత్తింది. ఆమెది నరసాపురం దగ్గర పల్లె. పెళ్ళికి ముందు లేసు అల్లేది. తరవాత పద్ధెనిమిదేళ్ళు అరబ్బుల ఇళ్ళలో వంటా పిల్లలూ చూసి, ఇప్పుడీ ప్రదర్శనశాలలో క్లీనింగ్‌కి కుదిరింది. అరబ్బీ గడగడా మాట్లాడుతుంది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతుంది.

"మా లేసుకి ఆ గోలే లేదండి అన్నయ్యా," అంది. "ముందూ లేదు, వెనకా లేదు. అన్నీ కన్నాలే."

పక్కన గోడమీద బోర్డు పెట్టారు. లచ్చన్న దాన్ని చూపించి కథ అడిగాడు. మంగాదేవి కర్ర గోడకి ఆనించి, వేలుపెట్టి చదివింది, మధ్యమధ్య తన మాటలు కలుపుకుంటూ.

"రాజుగారు యుద్ధానికి బయల్దేరాడంటండి. ఇదిగో ఈ ముసలమ్మ గుర్రం కళ్ళెం పట్టేసుకుందంట. నీ గుర్రాలు నా అవిసె చేను తొక్కేసినియ్యి, తీర్పు చెప్పి కదులు, అందంట."

"అవిసె నారతోని బట్ట నేత్తరు," అన్నాడు లచ్చన్న. "అంటే మనోళ్ళే."

"వచ్చాక వింటాలే, అన్నాడంట ఆయన. నువ్వు రాకపోతే? అందంట ఈవిడ. నా తరవాత వచ్చే రాజు వింటాడు, అన్నాడంట. అయితే కిరీటం ఆయనకే ఇచ్చెయ్యి, నీకెందుకూ? అందంట."

లచ్చన్న పెద్దగా నవ్వాడు. "మా మేనత్త ఒగామె గిట్లనే ఉండె."

"దిగాడండి మరి! గుర్రం దిగి, గడ్డిలో మోకాళ్ళేసి కూర్చుని విన్నాడంట. ఇదిగో చూడండి, ఇక్కడ. అంగీ అంచుకి మట్టి అంటింది. అదే గొప్పంట. అంత ఎర్రటి రాజు అంగీ, ఈ మట్టిరంగు గుడ్డ కట్టుకున్న ముసలమ్మ కోసం మట్టిపాలయ్యిందీ అని. మన ముదీర్ గారికి ఆ మట్టంటే ప్రాణం. రేపు పొద్దున్న స్పీచంతా దాని మీదే. నిన్న ఆఫీసు తుడుస్తుంటే అద్దంలో చూసుకుంటూ వల్లె వేస్తన్నాడు."

ముదీర్ అంటే ప్రదర్శనశాల పెద్ద. పేరు ముబారక్. ఈ దేశస్థుడే. నలభై దాటలేదు. పొడుగ్గా, పాదాల దాకా దిగే తెల్లటి కందూరాలో, ఎప్పుడూ ఒక పని నుంచి ఇంకో పనికి నడుస్తూ కనిపించేవాడు. ఎవరితోనూ గట్టిగా మాట్లాడినవాడు కాదు. ఆగి మాట్లాడినవాడూ కాదు.

లచ్చన్న ఆ మట్టివైపు చూశాడు. ముందుకు వంగాడు. చేతులు వెనకే కట్టుకుని ఉన్నాడు.

రాజు అంగీ ముదురు ఎరుపు. అంచున బెత్తెడు మేర గోధుమరంగు. ముసలమ్మ ఒంటిమీది బట్టంతా అదే గోధుమరంగు. అంతవరకూ బోర్డు చెప్పినట్టే ఉంది. కానీ ఎరుపు దగ్గర నూలు సన్నం. గోధుమరంగు దగ్గర నూలు లావు. రంగు మారినచోటే పోగు కూడా మారింది. మట్టి బొమ్మ నేయాలంటే నేతగాడు రంగు మారుస్తాడు. నూలు ఎందుకు మారుస్తాడు?

అతను మురళీ దగ్గరికి వెళ్ళాడు.

"సార్, మదామ్‌కు ఒక్క మాట జెప్తరా? గా అంచు మట్టి లెక్క లేదు. ఎనుకకెల్లి ఒక్కపారి సూడాలె."

మురళీ అప్పటికి లైట్ల కోసం ముగ్గురిని తిట్టి ఉన్నాడు. "అయిదొందల ఏళ్ళుగా చూస్తున్నోళ్ళకి తెలీనిది నీకు తెలిసిందా? రేపు పది గంటలకి ఓపెనింగు. యల్లా, కదులు, నిచ్చెన తియ్యి."

లచ్చన్న నిచ్చెన తీశాడు.

మధ్యాహ్నం అందరూ తిండికి వెళ్ళారు. పరదా వెనక అస్తరు కుట్టి ఉంది. దారిలో కదిలి ఎడమ కింది మూల ఆ కుట్టు కాస్త ఊడింది. తిని వచ్చాక తానే కుడతానని మదామ్ సూదీ దారం బల్లమీద పెట్టి వెళ్ళింది. లచ్చన్న నేలమీది స్క్రూలు ఏరుతూ ఆ మూలకి వచ్చాడు. ఆ మూలనే ముసలమ్మ, కళ్ళెం వదలకుండానే, గడ్డిలో కూర్చుని ఉంది. ఆమె పక్కనే రాజు అంగీ అంచు.

ఆ తరవాత జరిగింది ఆలోచించి చేసింది కాదు. బొటనవేలూ చూపుడువేలూ వెళ్ళి అంచు పట్టుకున్నాయి. అస్తరు జానెడు ఎత్తి లోపలికి చూశాడు.

వెలుతురు ఎన్నడూ తగలని నూలు. ముందువైపు మట్టిరంగున్న ముసలమ్మ బట్ట వెనకవైపు నేరేడు పండు రంగులో ఉంది. అప్పుడే రంగు కాగులోంచి తీసినట్టు. కళ్ళు పక్కకి తిప్పాడు. రాజు అంగీ అంచు. అదీ నేరేడు పండే. అదే లావు, అదే పురి, అదే రంగు. దానిపైన మొదలైన ఎరుపు మాత్రం వేరే. సన్నపు నూలు, వేరే చేయి, వేరే కాలం. ఎవరో తరవాత రఫ్ఫు చేశారు.

లచ్చన్న తల నిలువుగా ఆడింది. అస్తరు వదిలాడు. లేచి నిలబడ్డాక పైన మూలలో కెమెరా కనిపించింది. దాని ఎర్రచుక్క వెలుగుతోంది.

గంట తిరక్కముందే మురళీ వచ్చాడు. చేతిలో ఫోను. ముఖం కందగడ్డ.

"రెండేళ్ళయ్యా! రెండేళ్ళు నిన్ను చూపించి మిగతావాళ్ళని తిట్టాను. చెయ్యంటే అదీ చెయ్యి అని. ఇప్పుడు ఆ చెయ్యి టీవీలో చూపించి నన్ను తిడుతున్నారు."

"తప్పయింది సార్."

"తప్పయితే సరిపోదు. కాగితం మీద సంతకం అయిపోయింది. రేపు పొద్దున్న ఆరింటికి అజ్మాన్‌లో సైటు బండి ఎక్కు. షటరింగ్. నేను చెప్పలేదా మొదటిరోజే?"

లచ్చన్న ఏరిన స్క్రూలు బల్లమీద పెట్టాడు. ఎండ అతనికి కొత్త కాదు. చెక్కలూ కొత్త కాదు. మళ్ళీ నూలుకి దూరం కావడం, అది ఒక్కటే.

"పోత సార్," అన్నాడు. "గని ముదీర్ సారుకు ఒక్క మాట జెప్పి పోత. గది మట్టి గాదు."

"నాయనా! ఆయన స్పీచే ఆ మట్టి. ఇప్పుడెళ్ళి నీ మట్టి మట్టి కాదని చెప్తే నన్ను కూడా సైటుకి పంపుతాడు. నోరు మూసుకుని సామాను సర్దుకో."

మంగాదేవి ఇదంతా వింది. బకెట్టు చేతికెత్తుకుంది.

"పదండి అన్నయ్యా. ఆ ముసలమ్మకి ఉన్నపాటి నోరు మనకి లేదేంటి? నాలుగింటికి ఆయన ఇటే పోతాడు. గెస్టులెవరో వస్తన్నారంట, ఎయిర్‌పోర్టుకి."

నాలుగింటికి ముబారక్ వచ్చాడు. చెవి దగ్గర ఫోను, కళ్ళు గడియారం మీద. వాకిట్లో కారు ఇంజను ఆన్‌లో ఉంది. మంగాదేవి హాలు మధ్యకి వెళ్ళి, నేల తడిగా ఉంది జాగ్రత్త అని రాసి ఉండే పసుపు బోర్డు తెచ్చి సరిగ్గా అతని కాళ్ళముందు పెట్టింది. నేల పొడిగానే ఉంది. ముబారక్ ఆగాడు. నేలవైపు చూశాడు, ఆమెవైపు చూశాడు.

"సార్, ఈయన మీతో ఒక మాట చెప్పాలంటున్నాడు," అంది అరబ్బీలో.

ముబారక్ లచ్చన్నని చూశాడు. "ఇప్పుడు కాదమ్మా. ఎయిర్‌పోర్టుకి వెళ్తున్నాను. వచ్చాక వింటాను."

మంగాదేవి అది తెలుగులో చెప్పబోయింది. చెప్పలేకపోయింది. నవ్వు వచ్చేసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. యూనిఫారానికి కొంగు లేదని గుర్తొచ్చి, చెయ్యి పెట్టుకుంది.

"ఏమన్నడు చెల్లె?"

"వచ్చాక వింటాడంటన్నయ్యా!"

లచ్చన్నకీ నవ్వు ఆగలేదు. ఉద్యోగం పోయిన మనిషి, ముదీర్ ఎదుట నిలబడి, భుజాలు కుదిపి నవ్వాడు. మురళీ దూరంగా స్తంభం చాటున కళ్ళు మూసుకున్నాడు.

ముబారక్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. తరవాత వాళ్ళ వెనక గోడంతా నిండిన పరదా చూశాడు. గుర్రం, కళ్ళెం, కళ్ళెం పట్టుకున్న ముసలమ్మ. అతని చెవులు ఎర్రబడ్డాయి. ఫోను ఆపి జేబులో వేసుకున్నాడు. డ్రైవర్‌ని పిలిచి, నువ్వొక్కడివే వెళ్ళి గెస్టులని తీసుకురా అన్నాడు.

"సరే," అన్నాడు. "గుర్రం దిగాను. చెప్పండి."

లచ్చన్న చెప్పాడు. మంగాదేవి ఒక్కో మాటా మోసింది.

"ముందుగాల నా తప్పు సార్. అడగక ముట్టిన. దానికి మీరు ఏం జేసినా సరే. రెండోది, గది మట్టి గాదు. అసలు రంగే గది. ముసలమ్మ బట్ట, రాజు అంగీ, రెండు ఒక్క కాగుల ముంచిన నూలు. పైన ఎరుపు తర్వాత ఎవలో రఫ్ఫు జేసిండ్రు."

ముబారక్ ముఖంలో వెలుగు తగ్గింది. కోపం కాదు. పిల్లవాడి చేతిలోంచి గాలిపటం జారినట్టు. "మదామ్‌ని పిలవండి," అన్నాడు.

మదామ్ చిన్న దీపం, భూతద్దం తెచ్చుకుంది. కళ్ళజోడు పెట్టుకుని నేలమీద కూర్చుంది. మూల ఎత్తింది. చాలాసేపు చూసింది. ఫొటోలు తీసింది. మళ్ళీ చూసింది. ఆవిడ లేచాక చెప్పినదాన్ని ముబారక్ అరబ్బీలోకి, మంగాదేవి తెలుగులోకి మార్చారు.

ఈ నేరేడు రంగు రాళ్ళమీద పెరిగే నాచు నుంచి తీసేవాళ్ళట. వెలుతురుకి నిలవదు. గోధుమరంగుకి దిగిపోతుంది. ఆ సంగతి తెలిసిందే. రెండువందల ఏళ్ళ కింద ఎవరో జమీందారు దీన్ని కొని బాగుచేయించాడని కూడా తెలుసు. రాజు మొత్తానికి కొత్త నూలు వేశారనుకున్నాం. అంచు వదిలేశారని ఎవరూ చూడలేదు. ఈ మూల అస్తరు ఇన్నేళ్ళలో ఊడలేదు.

"అంటే ఆ జమీందారు రాజుకి మాత్రమే బాగుచేయించాడా?" అన్నాడు ముబారక్.

"ముసలమ్మకెవరు చేయిస్తారులెండి," అంది మంగాదేవి. ఇది ఆమె సొంతం. ఎవరి మాటకీ అనువాదం కాదు.

మదామ్ ఇంకో సంగతి చెప్పింది. ఈ పరదా రాజభవనం కోసం నేసింది కాదు. ఆ పట్నంవాళ్ళు తీర్పులు జరిగే తమ కచేరీ కోసం నేయించుకున్నారు. తీర్పు చెప్పేవాడి వెనక కాదు, ఎదుట వేలాడదీసేవాళ్ళు. తలెత్తినప్పుడల్లా అతనికి ఇదే కనిపించాలని.

లచ్చన్న కాసేపు ఆ కచేరీ ఊహించుకున్నాడు. పెద్ద కుర్చీలో ఒకడు. ఎదురుగా ఒకే రంగు బట్టలో ఇద్దరు.

"గందుకే," అన్నాడు. "బట్ట జూసి తీర్పు జెప్పకుంట."

ముబారక్ గోడమీది బోర్డు వైపు తిరిగాడు. "నా మట్టి పోయింది," అన్నాడు. "మూడు వారాలు రాశాను ఆ స్పీచి. రాజు ఎంత కిందికి దిగాడో చూడండి అని."

"దిగిండు సార్," అన్నాడు లచ్చన్న ఓదార్పుగా. "గుర్రం మీదికెల్లి దిగిండు. ఆమె కంటె ఎత్తుల ఎన్నడు లేకుండె."

మంగాదేవి దాన్ని అరబ్బీలో రెండుసార్లు చెప్పింది. మొదటిసారి ముబారక్‌కి అర్థం కాక కాదు. మళ్ళీ వినాలని అడిగాడు. జేబులోంచి కాగితాలు తీసి, వెనకవైపు ఏదో రాసుకున్నాడు.

మదామ్ లచ్చన్నని ఏదో అడిగింది. నేసేవాళ్ళు ఏ వైపు కూర్చుంటారో తెలుసా అని. దీన్ని వెనకవైపు నుంచే నేస్తారట. నేసినవాడికి ముందువైపు కనపడేదే కాదట. మగ్గం నుంచి కోసి దించాకే చూసుకునేవాడట.

లచ్చన్న కళ్ళు పెద్దవి చేశాడు. "అయితే గిది ఎనుక గాదు మదామ్. గిదే ముంగటి."

ఆవిడ నవ్వి తల నిలువుగా ఊపింది. ఆ ఊపు లచ్చన్న ఎరిగిన ఊపే.

ముబారక్ గొంతు సవరించుకున్నాడు. "ఇక నీ సంగతి. పొద్దుటి నుంచి చాలా కాగితాలు వచ్చాయి. నీది కూడా వాటిలో ఒకటి. చదవకుండా సంతకం పెట్టాను. అది చింపేస్తాను. కానీ అడగకుండా ముట్టుకున్నావు. అది తప్పు. ముందు అడగొచ్చు కదా?"

లచ్చన్న నేల చూశాడు. మురళీ స్తంభం దగ్గర నుంచి పైకప్పు చూశాడు. ఇద్దరి మౌనాన్నీ మంగాదేవి అనువదించింది.

"అడిగాడండి. ఫోర్‌మన్ గారికి టైము లేకపోయింది."

ముబారక్ రెండు వార్నింగ్ లెటర్లు రాయించాడు. ముట్టుకున్నందుకు లచ్చన్నకి ఒకటి. అడిగినప్పుడు విననందుకు మురళీకి ఒకటి. ఒకే కాగితం, ఒకే అచ్చు, పేర్లే వేరు. మదామ్ మూల కుట్టేసింది. కుట్టేముందు లచ్చన్నని పిలిచి, దీపం పట్టుకోమంది.

లచ్చన్న తన లెటర్ తీసుకుని తిరగేశాడు.

"వెనక ఏముంటదయ్యా?" అన్నాడు మురళీ.

"ఏం లేదు సార్. ఖాలి."

"సంతోషం. నాది కూడా ఖాళీయే. పదిహేనేళ్ళ సర్వీసులో మొదటి వార్నింగు, నీ పుణ్యాన." కానీ బండిలో తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు. దారిలో టీ తాగించాడు.

అజ్మాన్ గదిలో దయాకర్ పప్పు పోపు పెడుతున్నాడు. లెటర్ అందుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు. "మామా, దుబాయ్ వచ్చిన పదిహేనేండ్లకు సర్టిఫికెట్ దెచ్చినవ్!"

"వార్నింగ్ రా అది."

"గదే. మనకు ఇచ్చేటియి గవ్వే. స్టాంపు మంచిగున్నది. అద్దం కట్టియ్యి."

అప్పుడే సిరిసిల్ల నుంచి కిష్టవ్వ ఫోను. ఒళ్ళో బీడీల చాట పెట్టుకుని, చుడుతూనే మాట్లాడుతుంది. మొగుడు చెప్పిందంతా వింది. నేరేడు రంగు దగ్గర మాత్రం చేతులు ఆపింది.

"ముట్టకుంట ఉండలేవా?"

"ఉండలే."

"నాకెర్కలేదా? పెండ్లి సూపులకు వచ్చి నా ముఖం సూడలే. కొంగు తిరగేసి సూసినోనివి."

"బాగుండె గదా."

"కొంగా, నేనా?"

దయాకర్ పొయ్యి దగ్గర గరిటె ఆపి చెవి పెట్టాడు. లచ్చన్న ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్న ఆరింటికి సైటు బండి అజ్మాన్ సందులో హారన్ కొట్టి వెళ్ళిపోయింది. లచ్చన్న ఏడింటి బండి ఎక్కి ప్రదర్శనశాలకి వచ్చాడు. పరదా పక్కన బోర్డు మారింది. మంగాదేవి కూడబలుక్కుని చదివింది. మట్టి లేదు. ఆ స్థానంలో నాలుగు వాక్యాలున్నాయి, ఒకే కాగు గురించి. బోర్డు కింద చట్రం కట్టిన ఫొటో ఒకటి మేకుకి వేలాడుతోంది. రాత్రికి రాత్రి అచ్చు వేయించారు. పరదా వెనకవైపు మూల, నేరేడు పండు రంగులో ముసలమ్మా, రాజు అంగీ అంచూ పక్కపక్కన.

లచ్చన్న దాని ముందు నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"సార్," అని పిలిచాడు. "ముట్టనా?"

మురళీ లైట్ల దగ్గర నుంచి తిరిగి చూశాడు. "ముట్టు నాయనా, ముట్టు. అడిగావు, విన్నాను. ముబారక్ గారు అడిగితే ఆ మాట చెప్పు."

లచ్చన్న చట్రం మేకు మీంచి తీశాడు. తిరగేశాడు. వెనక గోధుమరంగు అట్ట, వంకరగా అంటించిన టేపు, షాపు వాడి స్టిక్కరు. తల అడ్డంగా ఆడించాడు. చట్రం మళ్ళీ మేకుకి తగిలించి, సమంగా సర్ది, నిచ్చెన తెచ్చుకోవడానికి వెళ్ళాడు.